పెద్దల్లుడి చెవులు

ఆ ఇంటికి ఇద్దరల్లుళ్ళు, ఇద్దరూ డీజేలే. ఏ మామగారికీ పట్టకూడని యోగం ఇది. పెద్దమ్మాయిని కట్టుకున్నవాడు ఆదివారం మధ్యాహ్నాలు మూతబడిన తివాచీల గోదాము కింద, నేలమాళిగలో పాటలు వేస్తాడు. చిన్నమ్మాయిని కట్టుకున్నవాడు ఊళ్ళోకల్లా పెద్ద క్లబ్బులో, అద్దాల మేడ పై అంతస్తులో వేస్తాడు. ఇక్కడ చెప్పుకునేది పెద్దల్లుడి సంగతి. చిన్నల్లుడి సంగతి చెప్పడానికి ఊరంతా ఉంది, అదే కదా పెద్దల్లుడి బాధ.

పెద్దల్లుడికి పుట్టుకతో వచ్చిన ఆస్తి రెండు చెవులు. తండ్రి రేడియోలు బాగుచేసేవాడు. కుర్రాడు ఎనిమిదేళ్ళకే పక్కగదిలో కూర్చుని, రేడియో గురక విని లోపల ఏ ముక్క పోయిందో చెప్పేసేవాడు. తండ్రి ఇంటికొచ్చిన ప్రతివాడితోనూ "వీడి చెవి పాము చెవి" అని చెప్పుకుని మురిసిపోయేవాడు. చదువు పెద్దగా అబ్బలేదు. మొహం చూసి ఎవరూ రెండోసారి తిరిగి చూడరు. నలుగురిలో మాట్లాడమంటే నాలుక పిడచకట్టుకుపోతుంది. దేవుడు మిగతావన్నీ పిసినారిలా ఇచ్చి చెవుల దగ్గర మాత్రం చెయ్యి జారాడని పెద్దల్లుడి నమ్మకం. ఆ నమ్మకం మీదే నలభై రెండేళ్ళు బతికాడు.

ఉద్యోగం కూడా చెవులదే. వినికిడి మిషన్లు అమ్మే దుకాణంలో పదిహేడేళ్ళుగా చెవులు పరీక్షిస్తున్నాడు. దుకాణం రెండు గదులు. ముందుగదిలో అద్దాల బీరువా, అందులో ప్లాస్టిక్ చెవి ఒకటి, ముక్కలు విడదీసి చూపించడానికి. వెనకగదిలో లోపలంతా స్పాంజి అతికించిన చెక్క పెట్టెలాంటి చిన్నగది. వచ్చినవాళ్ళని అందులో కూర్చోబెట్టి, తలకి హెడ్‌ఫోను తగిలించి, చేతికి మీట ఇస్తాడు. బయట మిషన్ దగ్గర కూర్చుని సన్నని కూతలు ఒక్కొక్కటే పంపిస్తాడు. కూత వినపడితే లోపలివాళ్ళు మీట నొక్కాలి. వినపడినంతవరకూ కాగితం మీద చుక్కలు పెట్టి, చుక్కలు కలిపి గీత గీస్తాడు. గీత పైన ఉంటే చెవి మంచిది. కిందకి జారిందంటే అమ్మకం ఖాయం. వారంలో ఆరు రోజులు వినపడనివాళ్ళకి వినిపించడం, ఏడో రోజు వినపడేవాళ్ళకి మరీ వినిపించడం, ఇదీ ఆయన జీవితం.

నేలమాళిగకి పదహారు మెట్లు దిగాలి. ఒకటే ఎర్ర బల్బు. వేదిక లేదు. నేలమీదే బల్ల, దానిమీద రెండు రికార్డు ప్లేయర్లు, పెద్దల్లుడు జనానికి వీపు పెట్టి నిలబడతాడు. ఫోన్లు మెట్ల దగ్గరున్న బిస్కెట్ల డబ్బాలో పడెయ్యాలి. ఫలానా పాట వెయ్యమని అడిగినవాడిని మళ్ళీ రానివ్వడు. ఒక్కో పాట ఏడెనిమిది నిమిషాలు, మాటలుండవు. ఒక పాట అయిపోతుండగా రెండో రికార్డుని హెడ్‌ఫోనులో ఒక చెవితో వింటూ, గదిలో మోగేదాన్ని రెండో చెవితో వింటూ, రెండింటి నడకా చేత్తో కలుపుతాడు. స్పీకరు పెట్టెలు మనిషెత్తువి, ఏడాదిన్నరపాటు తనే కోసి, మేకులు కొట్టి, జిగురు పూసి కట్టుకున్నాడు. నర్సులు, ఒక బస్సు డ్రైవరు, వెల్డింగు షాపు అన్నదమ్ములు, ఒక లెక్కల మాస్టారు, ఇలాంటివాళ్ళు వచ్చేవాళ్ళు. ఒకప్పుడు తొంభైమంది వచ్చేవాళ్ళు. ఎవరి ఫొటో ఎక్కడా రాదు, ఎవరి పేరూ గోడమీద ఎక్కదు. "పేరుకోసం చేసేది పాట కాదు, ప్రచారం" అనేవాడు పెద్దల్లుడు. చిన్నల్లుడు ఆ ఇంటికి రానంతకాలం ఆ మాట నిజమే.

చిన్నల్లుడు వచ్చాడు. నవ్వు మొహం, ఎవరితోనైనా నిమిషంలో కలిసిపోయే గుణం. అతని మిషన్లో బటన్ నొక్కితే రెండు పాటల నడకా దానంతటదే కలిసిపోతుంది. ఆ సంగతి తెలిసిన రోజు పెద్దల్లుడు ఎంత సంతోషించాడంటే, ఆ వారమంతా అందరికీ "మా బటన్‌గాడు" అనే చెప్పుకున్నాడు. ఇంకో తమాషా. పెళ్ళయిన కొత్తలో చిన్నల్లుడు వచ్చి, "అన్నయ్యా, నా చెవులకి కొలత తీసి బిరడాలు చేసిపెట్టండి. రోజూ ఆ హోరులో పని కదా" అని అడిగాడు. పెద్దల్లుడు చేసిపెట్టాడు. చేసిపెట్టి, "వంటవాడు ముక్కు మూసుకుని వండినట్టుంది నీ పని" అన్నాడు. చిన్నల్లుడు ఆ మాటకి పడీపడీ నవ్వి, బిరడాలు చెవుల్లో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఒకే ఒక్కసారి, మరదలు బతిమాలితే, పెద్దల్లుడు ఆ క్లబ్బుకి వెళ్ళాడు. చిన్నల్లుడు అటకంత ఎత్తున నిలబడి ఉన్నాడు. వెనక తెరమీద అతని మొహం, ముక్కే తలుపంత. రెండు నిమిషాలకో పాట మారుతోంది. మధ్యమధ్య ఎవరికో పుట్టినరోజు శుభాకాంక్షలు. అతను చేతులెత్తమన్నాడు. బ్యాంకులో దొంగలు పడ్డట్టు రెండువేలమంది ఒక్కసారి చేతులెత్తారు. గోడకి ఒక కాపలా పెట్టె ఉంది, శబ్దం గీత దాటితే అదే తగ్గించేస్తుందిట. అది చూసి పెద్దల్లుడు భార్యతో, "చూశావా, పాటకి పోలీసుని పెట్టారు" అని పెదవి విరిచాడు. పాటలు చెత్త అన్నది నిజం. ఆ చెత్తకి రెండువేలమంది ఒకే క్షణంలో ఎగిరారన్నది కూడా నిజం. ఇంటికొచ్చాక ఆయన్ని పట్టి పీడించింది రెండో నిజమే.

పుండు మీద కారం చల్లడానికి మామగారున్నారు. ఆయనకి చెవుడొస్తే పెద్దల్లుడే దగ్గరుండి మంచి మిషన్లు ఏరి పెట్టాడు. ఆ మిషన్లతో పెద్దాయన వినేది చిన్నల్లుడి గొప్పలు.

"అల్లుడి బొమ్మ బస్సు మీద వేశారటోయ్," అన్నాడు మామగారు ఒక రోజు భోజనాల దగ్గర. "నిలువెత్తు బొమ్మట."

"బస్సు పక్కనా, వెనకాలా మామయ్యగారూ?" అన్నాడు పెద్దల్లుడు.

"పక్కన."

"వెనకాల వెయ్యాల్సింది. పొగొస్తుంది కదా. వాళ్ళ క్లబ్బులో పొగ లేనిదే పాట రాదు."

అందరికన్నా గట్టిగా నవ్వినవాడు చిన్నల్లుడే. ఎదుటివాడు ఉడుక్కోకపోతే ఎత్తిపొడుపుకి రుచేముంటుంది? పెద్దల్లుడికి అన్నం సహించలేదు. దారిలో భార్య, "ఏమండీ, మీకంత కడుపుమంట దేనికి? మీ పాటలు మీవి, అతని పాటలు అతనివి" అంది.

"మంటా? నాకా? అవి పాటలైతే కదా మండటానికి," అన్నాడు.

ఇలా ఉండగా నేలమాళిగ పలచబడింది. తొంభై డెబ్భై అయ్యారు, డెబ్భై నలభై అయ్యారు. వచ్చినవాళ్ళు కూడా స్పీకర్ల ముందు ఆడటం మానేసి వెనకగోడని ఆనుకుని నిలబడుతున్నారు. రెండేళ్ళుగా ఇదే వరస. కారణం వెతకడానికి పెద్దల్లుడు ఎక్కువసేపు ఆలోచించలేదు. క్లబ్బువాళ్ళు అంటించిన ఒక ఫొటోలో తన దగ్గరికొచ్చే నర్సమ్మ చేతులెత్తి కనిపించింది. ఇంకేముంది, చిన్నల్లుడు తన జనాన్ని ఎత్తుకుపోతున్నాడు. అద్దాల మేడ చాల్లేదు, నేలకింది నలభైమంది కూడా కావాలి కాబోలు. ఆ రోజు నుంచి ఆయన పగలూ రాత్రీ కోరుకున్నది ఒక్కటే, వాడికున్నదాంట్లో ఏదో ఒకటి పోవాలి. ఏది పోయినా పరవాలేదు.

ఒక గురువారం మధ్యాహ్నం చిన్నల్లుడు దుకాణానికి వచ్చాడు. చేతిలో కాగితం. క్లబ్బుకి బీమా చేసినవాళ్ళు కొత్త నియమం పెట్టారట. శబ్దం మధ్య పనిచేసేవాళ్ళందరూ చెవి పరీక్ష కాగితం ఇవ్వాలి. శనివారం లోపు ఇవ్వనివాడు వేదిక ఎక్కడానికి లేదు.

"ఎక్కడైనా చేయించుకోవచ్చన్నారు. మీరుండగా ఇంకోచోటికి వెళ్తానా అన్నయ్యా," అన్నాడు.

పెద్దల్లుడికి కడుపు చల్లబడినట్టయింది. పదేళ్ళుగా ఆ హోరులో నిలబడినవాడి చెవులు. ఇలాంటివాళ్ళ గీతలు ఎన్ని చూశాడు. పైకూతల దగ్గరికి రాగానే గుంటలో పడ్డట్టు జారిపోతాయి. పైకి మాత్రం, "ఏం భయంలేదు, ఎలా ఉన్నా దాచుకోకూడదు. కూర్చో తమ్ముడూ" అన్నాడు. ఆ "తమ్ముడూ" ఆయన నోట ఏడాదికోసారి వచ్చే మాట.

కూతలు పంపాడు. చిన్నల్లుడు నొక్కాడు. తగ్గించి పంపాడు, నొక్కాడు. మరీ తగ్గించాడు, చీమ నడిచినంత కూత, దానికీ నొక్కాడు. రెండు చెవులకీ గీతలు కాగితం పైఅంచున తిన్నగా, స్కేలు పెట్టి గీసినట్టు వచ్చాయి. పెద్దల్లుడు హెడ్‌ఫోను మార్చి మళ్ళీ చేశాడు. తీగ ఊడదీసి, ఊది, తగిలించి మళ్ళీ చేశాడు. అదే గీత.

"మిషన్ తేడాగా ఉంది," అన్నాడు.

"నాకు తెలియదు కదా అన్నయ్యా. బాగా రాలేదా?"

"బాగా రావడమే తేడా."

కాగితం కింద అచ్చు వాక్యం ఒకటుంది: యంత్రం సరిగా పనిచేస్తున్నదని ధ్రువీకరిస్తున్నాను. దానికింద సంతకం. పెద్దల్లుడు ఆ వాక్యం మీద వేలు పెట్టి, "ఇది తేలకుండా నేను సంతకం పెట్టను. నా చెవులకి గీత ఎక్కడికి రావాలో నాకు తెలుసు. నేను కూర్చుంటా, నువ్వు మిషన్ తిప్పు. అక్కడికి రాకపోతే మిషన్ పోయినట్టే" అన్నాడు.

మీకో అనుమానం రావచ్చు, పదిహేడేళ్ళలో ఈయన తన చెవులు పరీక్షించుకోలేదా అని. లేదు. రోజూ పొద్దున దుకాణం తెరవగానే హెడ్‌ఫోను పెట్టుకుని, మిషన్లో కూత వస్తోందో లేదో వింటాడు. వినపడేంత గట్టిగా పెట్టుకుని వింటాడు. ఎంత తగ్గించినా వినపడుతోందా అని ఎప్పుడూ చూసుకోలేదు. ఊళ్ళో అందరి చెవులూ కొలిచేవాడు తన చెవి కొలుచుకోవడం ఏమిటి? దీపం కింద చీకటి అని ఊరికే అనలేదు.

ఏది తిప్పాలో, ఏది నొక్కాలో చిన్నల్లుడికి నేర్పి చెక్కగదిలో కూర్చుని తలుపేసుకున్నాడు. గాజు కిటికీలోంచి చిన్నల్లుడు కనిపిస్తున్నాడు, పరీక్ష రాస్తున్న పిల్లాడిలా నాలుక పళ్ళమధ్య పెట్టుకుని. లావు కూతలు వచ్చాయి, పెద్దల్లుడు టకటకా నొక్కాడు. మధ్య కూతలు వచ్చాయి. ఆ తరవాత ఏమీ రాలేదు. బటన్‌గాడికి మిషన్ తిప్పడం కూడా రాదనుకుని, కిటికీలోంచి "కానీ, కానీ" అని చెయ్యి ఊపాడు. చిన్నల్లుడు తల పైకెత్తి ఆయనవైపు చూశాడు. అతని బొటనవేలు బటన్ మీద ఉంది. మిషన్ మీద చిన్న పచ్చదీపం వెలుగుతోంది. ఆ దీపం కూత వెళ్తున్నప్పుడు తప్ప వెలగదు. పదిహేడేళ్ళుగా ఆ దీపం వెలిగించిన మనిషికి అది ఎవరూ చెప్పక్కర్లేదు. వేలు లేచింది, దీపం ఆరింది. వేలు పడింది, దీపం వెలిగింది. చెక్కగదిలో ఆయన ఊపిరి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

బయటికి వచ్చేసరికి కాగితం బల్లమీద ఉంది. గీత సగందాకా తిన్నగా నడిచి, అక్కడినుంచి కిందకి పడిపోయింది. ఎడమ చెవిది మరీ అడుగుకి.

చిన్నల్లుడు గోడవైపు చూస్తూ, "మిషనే పాడైనట్టుంది అన్నయ్యా. మీరన్నదే నిజం. నా కాగితానికేం తొందరలేదు" అన్నాడు.

వెక్కిరించి ఉంటే పెద్దల్లుడు బతికిపోయేవాడు. జాలి పడ్డాడు చూశారూ, అది మింగుడుపడలేదు. చెవులు వాడివి మంచివి, గుణం కూడా వాడిదే మంచిదా? మనిషికి అన్నీ ఉండాలా?

కాగితం సొరుగులో పెట్టి తాళం వేశాడు. ఆ రాత్రి లెక్క చాలా తేలిగ్గా కనిపించింది. సంతకం పెట్టకపోతే ఒకే దెబ్బకి రెండు పనులవుతాయి. చిన్నల్లుడు వేదిక దిగుతాడు, తన చెవులు బాగుంటాయి. మిషన్ పాడైందని చెప్పేవాడు తను, నమ్మడానికి చిన్నల్లుడే సిద్ధంగా ఉన్నాడు. ఇంతకన్నా సులువైన గెలుపు ఆయన జన్మలో రాలేదు.

శుక్రవారం పొద్దున్నే ఒక ముసలి దర్జీ అమ్మ వచ్చింది. ఏటా వచ్చే మనిషి. పరీక్ష చేశాడు. ఆవిడ గీత నిరుటి గీత మీద పెడితే వెంట్రుకవాసి తేడా లేదు.

"సరిగ్గానే వచ్చిందా నాయనా? తగ్గలేదు కదా?" అని అడిగింది, ఆయన మొహం చూసి భయపడి.

మిషన్ పాడైందమ్మా అనాలి. నోరు తెరిచాడు కూడా. అంటే ఆవిడ ఇంకో రెండు బస్సులు మారి మళ్ళీ రావాలి, నిద్ర మానుకుని దిగులు పడాలి. "సరిగ్గానే వచ్చిందమ్మా. మిషన్ బాగానే ఉంది," అన్నాడు. తన గొంతుతో తనే అన్నాక ఇంక వెనక్కి తీసుకోవడానికి దారి లేకపోయింది. ఆవిడ వెళ్ళాక చాలాసేపు ముందుగదిలో ఆ ప్లాస్టిక్ చెవి ముక్కలు విడదీస్తూ, పెడుతూ కూర్చున్నాడు.

శనివారం చిన్నల్లుడు రాలేదు. పెద్దల్లుడే అతనింటికి వెళ్ళి, గుమ్మంలో నిలబడి కాగితం చేతిలో పెట్టాడు. సంతకం కాగితం చిరిగేంత గట్టిగా ఉంది.

చిన్నల్లుడు చూశాడు. ఆ సంతకంతో పెద్దల్లుడు ఏం ఒప్పుకున్నాడో అతనికి అర్థమైంది. "లోపలికి రండి అన్నయ్యా," అన్నాడు మెల్లిగా.

"ఎవరితోనైనా అన్నావా?"

"ఎందుకంటాను? మీ మరదలికి కూడా చెప్పలేదు."

"ఎప్పుడైనా వచ్చావా, నా దగ్గరికి? ఆదివారం?"

చిన్నల్లుడు నసిగాడు. "ఒకసారొచ్చాను. మీరు చూడలేదు. మెట్ల దగ్గరే నిలబడి వెళ్ళిపోయాను."

"ఎలా ఉంది?"

"బాగుంది."

"ఎలా ఉందయ్యా?"

"పై చప్పుడు, ఆ ట్రెబుల్, బాగా ఎక్కువైంది అన్నయ్యా. సూదుల్లా గుచ్చుకుంటోంది. అందుకే జనం వెనక్కి వెళ్ళి నిలబడుతున్నారు. చెబుదామనే అనుకున్నాను. కానీ మీరు కావాలనే అలా పెట్టారేమో, నాకే తెలియదేమో అనుకున్నాను. మీ చెవిని కాదనడానికి నేనెవర్ని? వచ్చినవాళ్ళందరూ అలాగే అనుకుని ఉంటారు."

రెండేళ్ళుగా పాటలు మసగ్గా ఉన్నాయనిపించి కొంచెం కొంచెంగా ట్రెబుల్ పెంచుకుంటూ వచ్చింది తనే. తన జనాన్ని ఎవరూ ఎత్తుకుపోలేదు. తనే తరిమాడు. తిట్టడానికి ఒక మనిషి ఉండేవాడు ఇన్నాళ్ళూ, ఇప్పుడు ఆ ఆసరా కూడా పోయింది. పెద్దల్లుడు గుమ్మం దిగుతూ, "రేపు మధ్యాహ్నం రా" అన్నాడు. బతిమాలినట్టు లేదు, పిలిచినట్టూ లేదు, పన్ను పీకించుకోవడానికి రోజు చెప్పినట్టుంది.

ఆదివారం చిన్నల్లుడు పదహారు మెట్లూ దిగి, ఫోను డబ్బాలో పడేసి, చెవుల్లో బిరడాలు తీసి జేబులో వేసుకున్నాడు. గదిలో నలభైమంది, అందరూ వెనకగోడ దగ్గరే. చిన్నల్లుడు ఖాళీగా ఉన్న మధ్యస్థలంలోకి వెళ్ళి నిలబడ్డాడు. అరచెయ్యి కిందకి దించితే ట్రెబుల్ తగ్గించాలి, నిలువుగా పెడితే అక్కడికి ఆపాలి, అనుకున్నది ఇంతే. ఆ నేలమాళిగలో మొదటిసారి పెద్దల్లుడు జనంవైపు తిరిగి నిలబడ్డాడు. చెయ్యి కనపడాలి కదా.

పాట వేశాడు. ఎన్నో ఏళ్ళు వెతికి తెచ్చుకున్న రికార్డు, అందులో పైన సన్నగా గజ్జెలాంటి చప్పుడు ఒకటి మొదటినుంచి చివరిదాకా నడుస్తుంది. దానికోసమే ఆ రికార్డంటే ప్రాణం. చిన్నల్లుడి చెయ్యి దిగింది. ట్రెబుల్ కొద్దిగా తిప్పాడు. చెయ్యి మళ్ళీ దిగింది. ఇంకొద్దిగా తిప్పాడు. గజ్జె దూరమైంది. చెయ్యి దిగుతూనే ఉంది. చాలంటాడేమోనని చూశాడు, అనలేదు. ఇంకా తిప్పాడు. గజ్జె పూర్తిగా పోయింది. పైనుంచి దుప్పటి కప్పినట్టు పాటంతా ముద్దయిపోయింది. అప్పుడు చిన్నల్లుడి అరచెయ్యి నిలువుగా లేచింది.

ముందు బస్సు డ్రైవరు గోడ వదిలాడు. తరవాత వెల్డింగు అన్నదమ్ములు. నర్సమ్మ స్పీకరు పక్కకి వచ్చి, పెట్టెమీద చెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంది. ఒకరి వెనక ఒకరు అందరూ మధ్యలోకి వచ్చేశారు. లెక్కల మాస్టారి వేళ్ళు గాల్లో సన్నగా, చకచకా ఆడుతున్నాయి. అవి ఏ చప్పుడుకి ఆడుతున్నాయో పెద్దల్లుడికి తెలుసు.

ఇన్నేళ్ళూ ఆయన ఒక్క మనిషిని చూసి ఏడ్చాడు. ఆ మధ్యాహ్నం నలభైమందినీ చూసి ఏడ్చాడు. తను వెతికి తెచ్చిన పాట, తను కట్టిన పెట్టెల్లోంచి, గజ్జెతో సహా వాళ్ళందరికీ వినపడుతోంది.